బాపు చెవిలో చెల్లె గొంతు

మా చెల్లె గొంతు బాపు చెవిలోకి సాఫీగా పోవడానికి దారి వేసింది నేను. తీరా వేశాక ఆ దారిలో నాకే చోటు లేకుండా పోయింది. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారని ఇన్నాళ్లూ బయటపెట్టలేదు. తోడబుట్టినదాని మీద, అందులోనూ నాకంటే చిన్నదాని మీద, ఒక జత ఇయర్‌ఫోన్ల దగ్గర కుళ్లుకున్నానంటే ఎవరైనా నవ్వక ఏం చేస్తారు? కానీ కుళ్లుకున్నాను. కడుపునిండా కుళ్లుకున్నాను.

మా బాపు సాంచాల మీద బతికిన మనిషి. మరమగ్గాలను మా వైపు సాంచాలు అంటారు, నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటారు. రేకుల షెడ్డులో వరసగా సాంచాలు, వాటి మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు, పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా చెవులు పగిలే చప్పుడు. అక్కడ పనిచేసేవాళ్లు చెవుల్లో ఇంత పత్తి కుక్కుకునేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు అరిచి మాట్లాడబోయి గొంతు పోగొట్టుకునేవాళ్లు. పాతవాళ్లు అరవరు. మనిషి దగ్గరికి పోయి, చెవికి చెయ్యి అడ్డం పెట్టి, నోరు ఆనించి మామూలుగా చెప్తారు. మా అవ్వ అదే షెడ్డులో నూలు కండెలు చుట్టేది. అవ్వ బాపుతో ఏం చెప్పాలన్నా అలాగే చెప్పేది. ఇంటికి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఉప్పు అయిపోయిందని చెప్పాలన్నా చెవి దగ్గరికే పోయేది. బాపు కళ్లు సగం మూసుకుని వినేవాడు. మేమిద్దరం ఏమన్నదని అడిగితే ఏం లేదనేవాడు.

బాపు చెవులు ఎప్పుడు పోయాయో మాకు తెలియలేదు. అవ్వ ఉన్నన్నాళ్లు పోయినట్టే అనిపించలేదు. అవ్వ పోయాక, బాపును నేను మా ఇంటికి తెచ్చుకున్నాక బయటపడింది. పిలిస్తే పలకడు. పక్కన నిలబడి అడిగిందానికి ఇంకేదో జవాబు చెప్తాడు. బంధువులు కూర్చుని మాట్లాడుకుంటుంటే అందరితో పాటు నవ్వుతాడు, అందరూ ఆపాక కూడా ఇంకొంచెం నవ్వుతాడు. అది చూసినప్పుడు నాకు చాలా బాధగా ఉండేది.

అవ్వలాగా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పలేను. పెళ్లయిన బిడ్డను, పిల్లల తల్లిని. బాపు చెవికి చెయ్యి అడ్డం పెట్టి మాట్లాడే చనువు అవ్వది. ఒకసారి ప్రయత్నించాను. బాపు ఉలిక్కిపడి పక్కకు జరిగాడు. నాకూ సిగ్గేసింది. ఇక ఆ పని చేయలేదు. అందుకని అరవడం మొదలుపెట్టాను.

నేను ప్రైవేటు బడిలో పంతులమ్మను. పొద్దంతా పిల్లల మీద అరిచి, సాయంత్రం ఇంటికి వచ్చి బాపు కోసం అరిచేదాన్ని. మా ఆయనకు బస్టాండు దగ్గర కిరాణా దుకాణం, చీకటి పడ్డాక కానీ ఇల్లు చేరడు. పిల్లలిద్దరూ హాస్టల్లో ఉంటారు. సాయంత్రాలు ఇంట్లో ఉండేది నేనూ బాపూ. మా ఇద్దరి మాటలూ వాడకట్టు మొత్తానికి తెలిసేవి. ఈ పూట ఏం కూర, బాపు మందులు వేసుకున్నాడా లేదా, కడుపు సాఫ్ అయిందా కాలేదా, అన్నీ అందరికీ తెలుసు. ఎదురింటామె ఒకసారి నన్ను ఆపి, మీ నాయనకు ఈసబ్‌గోల్ పెట్టి చూడు అని చెప్పింది. సచ్చినంత పనైంది నాకు.

కరీంనగర్ తీసుకుపోయి చెవుల డాక్టరుకు చూపించాను. సాంచాల చప్పుడుకు నరాలు దెబ్బతిన్నాయని, మిషన్ పెట్టుకోవాలని ఆయన చెప్పాడు. తెచ్చాము. బాపు ఒక్కరోజు పెట్టుకుని తీసి అల్మారాలో పడేశాడు. చెవిటోన్నని మెడల బోర్డు కట్టుకొని తిరగాల్నా అని నా మీదికే వచ్చాడు. నేను బతిమాలాను, కోప్పడ్డాను, మాట్లాడడం మానేశాను. మాట్లాడడం మానేసిన సంగతి ఆయన గమనించలేదు.

అప్పుడు వచ్చింది మా చెల్లె.

అది మంచిర్యాలలో ఉంటుంది. మరిదికి బొగ్గు గనుల వైపు ఉద్యోగం. ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది, వచ్చినప్పుడు పండగలా వస్తుంది. ఆ వానాకాలం వచ్చినప్పుడు బ్యాగులోంచి సున్నం డబ్బీ అంత తెల్ల డబ్బా తీసి బాపు చేతిలో పెట్టింది. మూత తెరిస్తే లోపల రెండు తెల్లటి ఇయర్‌ఫోన్లు. వైర్లు లేవు, ఏం లేవు. రోజూ సాయంత్రం నేను ఫోన్ చేస్తాను, వీటిలో మాట్లాడు బాపూ అని చెప్పింది. బాపు వాటిని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ దొర్లించాడు. మంచిగున్నయి గుండీల లెక్క అన్నాడు. పిల్లగాండ్లు బండ్ల మీద పెట్టుకొని పోతరు, గవ్వే గదా అన్నాడు. చెవిటి మిషన్ అంటే మొహం మాడ్చుకున్న మనిషి వీటిని చూసి మురిసిపోయాడు. నేను తెచ్చింది చెవిటితనం, చెల్లె తెచ్చింది సోకు. నా ఒళ్లు మండింది.

మండినా ఒక ఆనందం దక్కింది. అవి బాపు చెవిలో నిలవలేదు. ఎడమది పప్పులో పడింది. కుడిది మంచం కిందికి దొర్లింది. నిలిచినప్పుడు కూడా మాట సరిగ్గా రాలేదు. చెల్లె పక్క గదిలోంచి ఫోన్ చేసి చూసింది. ఎవలో లోతు బాయిల నుంచి మాట్లాడినట్టున్నది అన్నాడు బాపు. అది రెండు రోజులుండి, బస్సెక్కబోతూ, నువ్వే జర చూసుకో అక్కా, నీకైతే ఓపిక ఉంటది అని నా చేతిలో పెట్టి పోయింది. ఓపిక అట. కొని ఇచ్చేది అది, ఓపిక పట్టేది నేను.

అల్మారాలో పడేయొచ్చు. మిషన్ పక్కనే పడి ఉండేవి. కానీ ఎట్లా వదులుతాను? బాపుకు వినపడాలని నాకంటే ఎక్కువ ఎవరికి ఉంది? ఆదివారం పొద్దున్నే అరుగు మీద బాపును కూర్చోబెట్టి చెవులు చూశాను. చూస్తే ఏముంది, రెండు చెవుల్లోనూ పత్తి. తెల్లగా, గట్టిగా, పద్ధతిగా కుక్కిన పత్తి.

ఇదేంది బాపూ అని అరిచాను. చెవిల ఏదన్నా పెట్టే ముందు పత్తి పెట్టాలె గదా అన్నాడు, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు. పత్తి పెట్టి, దాని మీద ఇయర్‌ఫోన్లు ఒత్తి, మాట వస్తలేదని చెల్లెకు చెప్తున్నాడు. సాంచాల షెడ్డుకు పోయేముందు చెప్పులేసుకున్నట్టు చెవుల్లో పత్తి పెట్టుకున్న మనిషి. ఇన్నేళ్ల తర్వాత చెవిలోకి ఏదో పోతుందంటే చెయ్యి దానంతట అదే పత్తి వెతికింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. జాగ్రత్తగా పత్తి తీశాను. తర్వాత ఆసుపత్రిలో గుబిలి కూడా తీయించాను.

పత్తి తీశాక ఇంకో చిక్కు. అన్నేళ్లు పత్తి కుక్కీ కుక్కీనో, పుట్టుకతోనో తెలియదు కానీ బాపు కుడి చెవి దారి వెడల్పు, ఎడమది సన్నం. డబ్బాలో ఇయర్‌ఫోన్ల మొనకు తొడిగే రబ్బరు టోపీలు మూడు సైజులవి ఇచ్చారు. రెండింటికీ ఒకటే సైజు ఉండాలని ఎవరు చెప్పారో కానీ, చెల్లె రెండింటికీ నడిమి సైజు తొడిగి ఇచ్చింది. ముందు నా చెవుల్లో పెట్టుకుని చూశాను. బాపుకు ఇష్టమని ఫోన్లో ఒక ఒగ్గుకథ పెట్టాను. చిన్న టోపీ పెడితే తాళాల చప్పుడు ఒక్కటే వచ్చింది, డోలు ఎక్కడో పక్క వీధిలో వాయించినట్టు ఉంది. సరైనది పెట్టి, చెవిని పైకి వెనక్కి లాగి పట్టుకుని, లోపలికి తోయకుండా కొంచెం వెనక్కి తిప్పగానే డోలు వచ్చి నా తలకాయ మధ్యలో కూర్చుంది. అమ్మో అనుకున్నాను. చుట్టుపక్కల ఒక్క చప్పుడు లేదు. కథ చెప్పేవాడు ఊపిరి పీల్చడం కూడా వినిపించింది. గాలి పోయే సందు ఎక్కడా లేకుండా చెవి మూసుకుంటేనే శబ్దం నిండుగా వస్తుందని అప్పుడు అర్థమైంది. ఎంత గట్టిగా పెట్టామన్నది కాదు, ఎంత సరిపడా కుదిరిందన్నదే లెక్క.

బాపు చెవులకు కుదర్చడానికి తలప్రాణం తోకకొచ్చింది. కుడికి పెద్ద టోపీ, ఎడమకు చిన్నది. అలా పెడితే కూర్చున్నంతసేపు బాగుంది, నోరు కదిపితే కుడిది వదులైంది. బాపు ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూనే ఉంటాడు. కరీంనగర్ పోయినప్పుడు ఫోన్ల దుకాణంలో అడిగితే, నొక్కితే నలిగి చెవిలోకి పోయాక మెల్లగా ఉబ్బే మెత్తటి స్పాంజి టోపీలు ఇచ్చారు. కుడికి అది తొడిగాను. ఇక నమిలినా కదల్లేదు. ఫోన్ సెట్టింగులు తిరగేసి, ఎడమ కుడి శబ్దాన్ని సర్దే గీత ఒకటి కనిపెట్టి, బాగా దెబ్బతిన్న కుడి వైపుకు కొంచెం జరిపాను. శబ్దం మరీ పెంచకుండా పట్టుకున్నాను, మిగిలిన కాస్త చెవి కూడా పోతుందని డాక్టరు చెప్పాడు కనుక. వారానికోసారి టోపీలు ఊడదీసి కడిగి ఆరబెట్టడం, జాలీలో ఇరుక్కున్న గుబిలిని పొడి బ్రష్షుతో దులపడం, రాత్రి పడుకునే ముందు డబ్బాలో పెట్టి ఛార్జింగుకు పెట్టడం, ఇవన్నీ నా పనులే.

ఒక సాయంత్రం బాపు చెవులకు నేనే తొడిగాను. ఎడమది, కుడిది, చెవి లాగి, తిప్పి. చెల్లె ఫోన్ వచ్చింది. వేలితో తడితే ఎత్తినట్టని నేర్పించాను. తట్టాడు.

బాపు మొహం చూశాను. కళ్లు సగం మూసుకున్నాడు.

అవ్వ మాట్లాడేటప్పుడు మూసుకున్నట్టే. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆయన నన్ను చూడలేదు. ఆఁ బిడ్డా, ఆఁ, ఇనపడుతుంది, సక్కగ ఇనపడుతుంది, పక్కపొంటి కూసున్నట్టే ఇనపడుతుంది అంటున్నాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. సంతోషం వేయలేదని చెప్పను. వేసింది. అది ఒక్క క్షణం ఉండి పోయింది. దాని వెనక ఇంకోటి వచ్చి తిష్ట వేసింది. నేను పోలేకపోయిన చోటికి, బాపు చెవి దగ్గరికి, అవ్వ చోటికి, చెల్లె మంచిర్యాలలో మంచం మీద కూర్చునే పోయింది. దాన్ని చేత్తో పట్టుకుని తీసుకుపోయి కూర్చోబెట్టింది నేను.

ఇక రోజూ సాయంత్రం వాళ్ల ముచ్చట్లు. దీపం పెట్టే వేళకు చెల్లె ఫోన్ వస్తుంది. బాపు ముందుగానే చెవులకు తొడుక్కుని, ఒగ్గుకథ పెట్టుకుని, ఫోను అంగీ జేబులో వేసుకుని అరుగు మీద కూర్చుంటాడు. నేను లోపల కూరగాయలు కోస్తూ ఇటువైపు సగం వింటాను. ఆ సగం చాలు ఒళ్లు మండడానికి. బాపు అంత మాట్లాడే మనిషని నాకు తెలియదు. అవ్వ పెళ్లినాటి ముచ్చట్లు చెప్తున్నాడు. సాంచాల షెడ్డులో దోస్తుల సంగతులు చెప్తున్నాడు. మోకాలు గుంజుతుందని చెప్తున్నాడు. ఆ మోకాలు నా ఇంట్లోనే ఉంది, నాకెప్పుడూ చెప్పలేదు.

ఒకరోజు చెల్లె నాకు ఫోన్ చేసింది. బాపుకు మక్కగారెలు తినబుద్ధి అయితుందట అక్కా, జర చేసిపెట్టరాదే అన్నది. బాపు అరుగు మీద ఉన్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక గోడ. ఆయన కోరిక అరుగు మీద నుంచి గోదావరి గట్టున మంచిర్యాలకు పోయి, అక్కడ నుంచి తిరిగి నా వంటింటికి వచ్చింది. సరే చేస్తాలే అన్నాను. చేశాను. పచ్చి మక్కజొన్న కంకులు ఒలిచి, రుబ్బి, అల్లం పచ్చిమిర్చి వేసి చేశాను. బాపు తిని, చెల్లె ఫోన్ రాగానే, మంచిగైనయి బిడ్డా, నువ్వు చెప్పినవట గదా అన్నాడు. ఆ రాత్రి మా ఆయనతో చెప్పి ఏడ్చాను. ఆయన నవ్వి, చిన్నపోరి లెక్క చేస్తవేందే అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇంకో దరిద్రం ఏమిటంటే, నేను బాగా కుదిర్చినకొద్దీ నా మాట బాపుకు మరింత దూరమైంది. ఇదివరకు నేను అరిస్తే సగమైనా వినేవాడు. ఇప్పుడు చెవులు రెండూ సందు లేకుండా మూసుకుని ఉన్నాయి. నేనే మూశాను. అన్నానికి రా అని పిలిస్తే వినపడదు. ఇంకా గట్టిగా పిలవాలి. ఎదురుగా పోయి చెయ్యి ఊపితే ఒకటి తీసి చేతిలో పట్టుకుని, ఏంది, గట్లెందుకు ఒర్రుతున్నవ్ అంటాడు. తీసి పట్టుకున్నంతసేపూ ఎప్పుడు మళ్లీ పెట్టుకుందామా అన్నట్టు చూస్తాడు. నేను చెప్పాల్సింది అయిపోగానే పెట్టేసుకుంటాడు.

చెల్లె గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలియంది కాదు. నా గొంతులాగే ఉంటుంది. చిన్నప్పుడు ఇంటి వెనక నుంచి పిలిస్తే ఎవరు పిలిచారో అవ్వ కనుక్కోలేకపోయేది. తర్వాత దానిది అలాగే ఉంది, నాది బడిలోనూ ఇంట్లోనూ అరిచి అరిచి గరుకుబారింది. పక్క గదిలోంచి ఫోన్లో అది బాపూ అని పిలిచిన పద్ధతి తలుచుకుంటే నాకు చిర్రెత్తుకొచ్చేది. మెల్లగా, సాగదీసి, ముద్దుగా. నేనూ అలా పిలవగలను. పిలిస్తే ఎవరికి వినపడుతుంది?

ఆ రోజు బడిలో పరీక్షల పేపర్లు దిద్ది వచ్చాను. తల పగిలిపోతోంది. రొట్టెలు చేస్తున్నాను. బాపు అరుగు మీద ఒగ్గుకథలో మునిగిపోయాడు. వేడిగా ఉన్నప్పుడే తింటాడని పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. ఎదురింటామె తొంగిచూసింది కానీ బాపు తిరిగి చూడలేదు. చేతులు పిండి. లేచి పోవడానికి ఒళ్లు రాలేదు. కోపం నెత్తికెక్కింది. చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని నా ఫోన్ తీసి బాపు నంబరు నొక్కాను. మొత్తం తిడదామనే చేశాను.

వంటింటి కిటికీలోంచి అరుగు కనపడుతుంది. బాపు వేలితో చెవి మీద తట్టాడు. జేబులో ఫోన్ తీసి చూడలేదు, ఎన్నడూ చూడడు. మొహం విప్పారింది.

"ఇయ్యాల జల్ది చేసినవ్ బిడ్డా" అన్నాడు.

తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆయనకు ఫోన్ చేసేది ఎవరు, చెల్లె తప్ప? చెప్పేయొచ్చు. కానీ ఆ బిడ్డా అన్న మాట నా చెవిలో పడ్డాక చెప్పబుద్ధి కాలేదు. జర సేపు ఉందామనిపించింది. బాపూ అన్నాను. మెల్లగా, అరవకుండా. తిన్నవా అని అడిగాడు. ఇంకా లేదు బాపూ అన్నాను. మోకాలు ఎట్లుంది అని అడిగాను. వానకు గుంజుతుంది, నూనె రాసుకున్న అని చెప్పాడు. నేను అడిగిన ప్రశ్నకు బాపు సరైన జవాబు చెప్పి ఎన్నాళ్లయిందో. నా పాడు కుళ్లు ఊరుకోలేదు. అక్క ఏం చేస్తుంది బాపూ అని అడిగాను.

బాపు వంటింటి వైపు ఒకసారి చూశాడు. నేను కిటికీ పక్కకు జరిగాను. ఆయన గొంతు తగ్గించాడు. చెవిటివాడు గొంతు తగ్గించడం మొదటిసారి విన్నాను.

"లోపల ఉన్నది. ఇప్పటిదాంక ఒర్రింది, ఇనపడనట్టు కూసున్న. దానికి నా మీద ఏం కోపమో బిడ్డా. మీ అవ్వ పోయినకాన్నుంచి గట్లనే ఒర్రుతది. నేను బరువైన గావచ్చు."

రొట్టె పెనం మీద మాడుతోంది. వాసన వస్తోంది. స్టవ్ ఆపలేదు.

"గీ మాట దానితోని అనకు. పెట్టేది పోసేది అదే. కని ఏం జెయ్యాలె, గివి పెట్టుకుంటె నీ మాట ఇనపడుతది, తీస్తె దాని కోపం ఇనపడుతది. గందుకే తియ్య."

ఇన్నేళ్లుగా నేను అరిచింది ఆయనకు అలా వినపడింది. మందులు వేసుకో అన్నదీ, మెట్టు చూసుకో అన్నదీ, అన్నం చల్లారుతుంది అన్నదీ. మాటలు చేరలేదు. మాటల చుట్టూ ఉన్న గట్టిదనం ఒక్కటే చేరింది. చెల్లె మీద నాకున్న మంట అంతా ఒక్కసారిగా పైకి లేచింది. దానికి ఏం తెలుసు, దానికి ఎన్నడూ అరవాల్సిన అవసరమే రాలేదు. నేను పిండి చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను.

"కోపం కాదు బాపూ" అన్నాను. "నీకు ఇనపడదని గట్టిగ అంటది. అంతే."

"నీకేం ఎర్క, నువ్వు ఆడ ఉన్నవ్" అన్నాడు.

"ఆడ లేను. వంటింట్ల ఉన్న. నేను పెద్దదాన్ని బాపూ."

నేను కిటికీ దగ్గరికి వచ్చాను. ఆయన అరుగు మీద పూర్తిగా ఇటు తిరిగాడు. నన్ను చూశాడు. నా చేతిలో ఫోన్ చూశాడు. చెయ్యి పైకి లేచింది, చెవిలోంచి తీసేస్తాడనుకున్నాను. నాతో మాట్లాడాలంటే ఆయన చేసే పని అదే కదా. చెయ్యి చెవి దాకా పోయి, స్పాంజి టోపీని ఇంకొంచెం వెనక్కి తిప్పి సర్దుకుని దిగింది. నేను నేర్పినట్టే తిప్పాడు.

"ఏదీ, మల్ల మాట్లాడు" అన్నాడు.

బాపూ, రొట్టె మాడిపోయింది అన్నాను. బాపు మొహం చిత్రంగా అయింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అంత దూరం నుంచి తెలియలేదు. "గీ గొంతు ఇన్నొద్దులు యాడ పెట్టినవ్ బిడ్డా" అన్నాడు. కళ్లు సగం మూసుకున్నాడు.

నేను కిటికీ కిందనే కూర్చున్నాను. మాడిన రొట్టె సంగతి చెప్పాను. బడి సంగతి చెప్పాను. గొంతు నొప్పికి మందు మింగుతున్నానని చెప్పాను, అది ఆయనకు తెలియదు. ఆయన ఆఁ ఆఁ అంటూ వింటున్నాడు, మధ్యమధ్య అడుగుతున్నాడు. దీపం పెట్టే వేళయింది. లేవలేదు. అవ్వ ఆఖరి రోజుల్లో తన చెవిలో ఏం చెప్పిందో చెప్పబోతూ బాపు ఆగాడు.

"చెవుల పీక్ పీక్ మంటుంది బిడ్డా. ఖరాబైనయా ఏంది?"

ఖరాబు కాలేదు. అది ఏ చప్పుడో నాకు తెలుసు. మాట్లాడుతుండగా ఇంకొకరు ఫోన్ చేస్తే వచ్చే చప్పుడు అది, ఆ వేళకు ఫోన్ చేసేది ఒక్కతే.

"ఏం గాలే బాపూ, అదే పోతది" అన్నాను. "నువ్వు చెప్పు."